మూత్రాశయ క్యాన్సర్: సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష)లో న్యూట్రోఫిల్స్-లింఫోసైట్స్ నిష్పత్తిని ఎంతవరకు నమ్మాలి?

మాది కర్నూలు. మూత్రంలో రక్తం పడుతోందని నాన్నకు పరీక్షలు చేయిస్తే మూత్రాశయంలో గడ్డ బయటపడింది. టీయూఆర్‌బీటీ (మూత్రనాళం గుండా గడ్డను తొలగించే ఆపరేషన్) చేసి తీసేశారు. బయాప్సీలో టీ1 (లోపలి పొర కిందికి పాకిన దశ), హై గ్రేడ్ (తీవ్రంగా పెరిగే రకం) అని వచ్చింది, కండరంలోకి మాత్రం పాకలేదు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు బీసీజీ (జబ్బు తిరగబెట్టకుండా మూత్రాశయంలోకి ఎక్కించే మందు) ఇస్తామన్నారు.

ఆపరేషన్‌కు ముందు సీబీసీలో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 15 శాతం. రెండూ తెల్ల రక్తకణాలే. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 5 దాటింది. ఇది ఎక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. కానీ అప్పుడు నాన్నకు యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఉంది. దానివల్లా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి కదా, మరి ఆ అంకెను లెక్కలోకి తీసుకోవచ్చా? ఇన్ఫెక్షన్ తగ్గింది కాబట్టి బీసీజీకి ముందు మళ్లీ సీబీసీ చేయిస్తే ఉపయోగమా? నాకైతే బయాప్సీ, మూడు నెలలకు చేసే సిస్టోస్కోపీ (కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) వీటికే ఎక్కువ విలువ అనిపిస్తోంది. తెలిసిన డాక్టర్లు, ఇంట్లోవాళ్లకు ఈ చికిత్స చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.