ఇళ్ళ హక్కు, జాతి సమానత్వం మీద పాలసీ పని: కోనసీమలో ఉండగానే ఏం నేర్చుకోవచ్చు?

లంకగాలి:
అమెరికాలో పబ్లిక్ పాలసీ పీజీ సీటు వచ్చిందండి. అక్కడ నల్లజాతివారి ఇళ్ళ సమస్య మీద పాలసీ సలహాదారుగా పనిచేయాలని ఉంది. ఆరు నెలలు అమలాపురం దగ్గరే ఉంటాను. ఇక్కడి పేటలు, లేఅవుట్లు చూస్తే అక్కడ పనికొస్తుందా?

ఏటిగట్టు:
కాగితం చదవడం వస్తే పనికొస్తుందండి. ఒక్క లేఅవుట్ తీసుకోండి, పది వద్దు. గ్రామపటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పుస్తకం), అడంగల్ పక్కపక్కన పెట్టండి. 2020లో ప్రభుత్వం పల్లెల్లో పేదల ఇళ్ళ స్థలాలకి ఇచ్చింది సెంటున్నర, అంటే 72.6 గజాలు. ఆ తర్వాతి ప్రభుత్వం మూడు సెంట్లంది. డెల్టాలో మాత్రం స్థలం ఎంతన్నదాని కంటే ఎంత ఎత్తులో ఉందన్నది ముందు చూడాలి. రోడ్డు కంటే పల్లంగా ఉన్న వరిచేనులో పట్టా ఇస్తే లెక్కలో ఆ కుటుంబం లబ్ధిదారే, వానాకాలంలో మాత్రం అక్కడ పొయ్యి పెట్టలేరు.

మెరక విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. మట్టి ఒకేసారి వదులుగా పోసేస్తే తర్వాత కుంగి గోడలు బీటలిస్తాయి. అడుగు లోపు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. రెండోది, మురుగు బోదె వదలకుండా మెరక చేస్తే నీళ్ళు పక్కనున్న పాత పేట మీదికి పోతాయి. ఆ పేట ఎవరిదో చూడండి, మీ సబ్జెక్టు అక్కడే ఉంది.

సమాచార హక్కు దరఖాస్తులో "ఎందుకు" అని అడక్కండి, అది సమాచారం కాదని తిప్పికొడతారు. లేఅవుట్ ప్లాను, మెరక కొలతల ఎం-బుక్, లబ్ధిదారుల జాబితా నకళ్ళు అడగండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు.

కాటన్_కాలువ:
అక్కడి లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 1975 నాటి హెచ్ఎండీఏ చట్టం ప్రకారం (హైదరాబాద్ సంస్థ కాదు లెండి!) బ్యాంకులు ఇంటి అప్పుల వివరాలు బయటపెట్టాలి. దరఖాస్తుదారు జాతి, ఆదాయం, ఇల్లున్న సెన్సస్ ట్రాక్టు (జనగణన కోసం విడగొట్టిన చిన్న ప్రాంతం), అప్పు ఇచ్చారా లేదా, అన్నీ ఉంటాయి. ఉచితం.

ఒక నగరం, ఒక ఏడాది తీసుకోండి. "అప్పు ఇచ్చారా లేదా" అన్న గడిలో కోడ్ 6 ఉన్న వరసలు ముందే తీసేయండి: అవి బ్యాంకు వేరే వాళ్ళ దగ్గర కొన్న అప్పులు, ఉంచితే ఒకే అప్పు రెండుసార్లు లెక్కకొస్తుంది. కోడ్ 3 అంటే తిరస్కరణ. ఒకే ఆదాయ బ్రాకెట్‌లో నల్లవారి, తెల్లవారి తిరస్కరణ శాతాలు పోల్చండి. బయటికిచ్చే డేటాలో క్రెడిట్ స్కోరు ఉండదు, కాబట్టి "తేడా ఉంది" అనొచ్చు, "వివక్ష రుజువైంది" అనకూడదు. కొత్తవాళ్ళు బోర్లా పడేది ఇక్కడే. 2020 జనగణనకి ట్రాక్టుల హద్దులు మారాయి, ఏళ్ళు కలిపేటప్పుడు జాగ్రత్త.

నల్లజాతివారి పేటలను అప్పులకి ప్రమాదకరమని ఎర్రరంగుతో గుర్తించిన 1930ల నాటి ఎర్రగీతల పటాలను రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. మీ లెక్క ఆ పటం మీద వేసి చూడండి.

ఏటిగట్టు:
ఒక్క మాట కలుపుతాను. కులం, జాతి ఒకటేనని రాసేయకండి, చట్టాల దారి వేరు. అక్కడ ఇళ్ళ విషయంలో వివక్షని నిషేధించే 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం అద్దెకీ అమ్మకానికీ వర్తిస్తుంది. మనకి అలాంటిది లేదంటారు గానీ, 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 చదవండి. అంటరానితనం పేరుతో ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోనివ్వకపోవడం, ఉండనివ్వకపోవడం నేరం. వాడేవాళ్ళే తక్కువ.

లంకగాలి:
థాంక్సండి. ఉద్యోగాల సంగతి?

కాటన్_కాలువ:
ఫెడరల్ కొలువులకి ఎక్కువగా పౌరసత్వం అడుగుతారు. నగర గృహ విభాగాలు, లాభాపేక్ష లేని సంస్థలు, పరిశోధన కేంద్రాలు చూడండి. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలు. మీ కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కింద నమోదై ఉంటే ఇంకో 24. కాబట్టి డిపాజిట్ కట్టేముందే కోర్సు కోడ్ అడగండి.