బ్లేడు మార్చాలా, చెయ్యి మార్చుకోవాలా? నున్నటి గడ్డానికి అసలు కిటుకు ఎక్కడుంది?

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)

మొన్ననే అయ్యప్ప మాల తీశాను. మండల దీక్ష గడ్డాన్ని సెలూన్‌లో తీయించేశాక, ఇక బ్లేడ్లతో సహా తలే మార్చేసే కార్ట్రిడ్జ్ రేజరు మానేద్దామని అటక మీదున్న నాన్నగారి రేజరు దింపాను. అదే, పైమూత విప్పి మధ్యలో రెండంచుల బ్లేడు పెట్టేది. బ్రష్షు, సబ్బు కొన్నాను. బ్లేడంటారా, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కొట్లో ఏది ఇస్తే అది. బుగ్గల మీద బాగానే తెగుతోంది. గొంతు దగ్గరే గొడవ. గీసిన వెంటనే మంట, సాయంత్రానికి ఎర్రటి పొక్కులు. ఆఫీసులో ఒకాయన "జపాన్ ఫెదర్ బ్లేడు తెప్పించుకో, రెండో మాట లేదు" అంటున్నారు. మా బాబాయేమో "బ్లేడుదేముందిరా, నీకు గీయడం చేతకాదు" అని కొట్టిపారేశాడు. మీరేమంటారు?

గంటస్తంభం (విజయనగరం)

మీ బాబాయికే నా ఓటు. బ్లేడు ఏదైనా ఉక్కే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గీయడం రాని ప్రతివాడూ బ్లేడు మీద పడతాడు.

బొబ్బిలి_పదును

గంటస్తంభం గారూ, "ఏదైనా ఉక్కే" అనేస్తే ఎలాగండీ? 1962లో విల్కిన్సన్ స్వోర్డ్ వాళ్లు స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చేవరకు జనం ఎక్కువగా కార్బన్ ఉక్కు బ్లేడుతోనే గీసుకునేవారు. కాస్త తడి ఉండిపోతే తుప్పు, రెండు మూడు వాడకాలకే మొద్దు. స్టెయిన్‌లెస్ దెబ్బకి అంత పెద్ద జిలెట్ కూడా మరుసటి ఏడాదే ఆ దారి పట్టింది. అందరి చేతులూ ఒక్క ఏడాదిలో బాగుపడి బ్లేడు మారిందా?

ఇప్పటి బ్లేడుల్లోనూ తేడా అంచు మీది పూతలో ఉంటుంది. క్రోమియం, ప్లాటినం లాంటివి ఒక పొర, దాని పైన నాన్‌స్టిక్ పెనాలకు వేసే టెఫ్లాన్ జాతి పొర. ఆ పూత సరిగా లేకపోతే ఎంత పదునున్నా బ్లేడు వెంట్రుకను పట్టి లాగుతుంది. లాగితే మనం నొక్కుతాం, నొక్కితే తోలు లేస్తుంది. మరి తప్పు ఎవరిది? నేను ఒకసారి కొన్న చవక పాకెట్, పేరెందుకు గానీ, మొదటి గీతకే కళ్లలో నీళ్లు తెప్పించింది. మర్నాడు అదే రేజరు, అదే సబ్బు, వేరే బ్లేడు. హాయిగా దిగింది.

అలాగని ఫెదర్‌తో మొదలుపెట్టొద్దు. దాని పదును జగమెరిగినదే, కొత్త చేతికి అది అవసరానికి మించిన పదును. ముందు టోపజ్, సూపర్‌మ్యాక్స్, సెవెనోక్లాక్ లాంటి మన దగ్గర దొరికేవి తలా ఒక పాకెట్ తెచ్చుకోండి. కార్ట్రిడ్జ్ ఖర్చుతో పోలిస్తే ఇదో లెక్క కాదు.

రాజాం_రిటైర్డ్_మాస్టారు

ఇద్దరూ కాస్త ఆగండి బాబూ. కుర్రాడు ఏం రాశాడో మళ్లీ చూడండి. బుగ్గ మీద బాగా తెగుతోందట, గొంతు దగ్గర మండుతోందట. ఒకే పూట, ఒకే బ్లేడు. బ్లేడే పాడైతే బుగ్గ ఎందుకు మండదు?

వంశధార తమ్ముడూ, రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి మెడ మీద వేలితో అన్ని దిక్కులా రాసి చూడు. జారిపోయే దిక్కు వాలు, గరగరలాడే దిక్కు ఎదురు. చాలామందికి గొంతుముడి కింద వెంట్రుక కిందికి పెరగదు. పక్కకో, పైకో పెరుగుతుంది. కొందరికి దవడ కింద సుడి కూడా ఉంటుంది. నువ్వు బుగ్గ మీద గీసినట్టే అక్కడా పైనుంచి కిందికి లాగేస్తున్నావు. అంటే నీకు తెలియకుండానే మొదటి విడతే ఎదురు గీస్తున్నావన్నమాట.

ఇక కోణం. రేజరు తలను బుగ్గకు ఆనించు. పిడి నేలకు సమాంతరంగా, ముఖానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. అప్పుడు అంచు చర్మానికి తగలదు. అక్కణ్ణుంచి పిడిని కొద్దికొద్దిగా కిందికి దించుతూ గోరంత గీతలు గీయి. ఒకచోట 'సర్ర్'మని చప్పుడు మొదలవుతుంది. అక్కడే ఆపు. అదే నీ కోణం, సుమారు 30 డిగ్రీలు. ఫ్యాను కట్టేసి గీసుకుంటే ఆ చప్పుడు బాగా వినిపిస్తుంది. చప్పుడు ఆగిందంటే నీ మణికట్టు తిరిగిపోయిందని అర్థం. పిడిని చివర పట్టుకో, రేజరు బరువు చాలు. కార్ట్రిడ్జ్ అలవాటున్న చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది, దాన్నే ముందు మాన్పించాలి. రెండో చేతి వేళ్లకి పటిక రాసుకుంటే చర్మం జారకుండా బిగించి పట్టుకోవచ్చు.

మా తండ్రిగారు గాజుగ్లాసు లోపలి గోడకి బ్లేడు రుద్ది రుద్ది నెలంతా లాగించేవారు. ఆయన మొహం మీద గాటు చూసిన గుర్తు లేదు నాకు. మిమ్మల్ని అలా చెయ్యమనడం లేదు, అప్పటి బ్లేడు వేరు.

బొబ్బిలి_పదును

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, బుగ్గ–మెడ వాదన నాకు సగమే ఎక్కింది. బుగ్గ చదును, అక్కడ ఓ మోస్తరు బ్లేడు కూడా నెట్టుకొచ్చేస్తుంది. బ్లేడు సంగతి బయటపడేది మెడ దగ్గరే.

ఇంకోటి. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బ్లేడు వెంట్రుకను కోస్తుంటే చూసి 'సైన్స్' పత్రికలో రాశారు. వెంట్రుక ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన. అయినా అంచు పెచ్చులుగా ఊడుతోంది. ఎక్కడ? ఉక్కు లోపలి అమరిక ఒకే తీరుగా లేని చోట. మంచి ఉక్కుకీ నాసి ఉక్కుకీ తేడా ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

గంటస్తంభం (విజయనగరం)

సగమే చెప్పి వదిలేశారు! వెంట్రుక వంగిపోయి, అంచుకి ఏ కోణంలో తగిలిందన్నది కూడా ఆ పరిశోధనలో ఒక కారణమే. కోణం ఎవరి చేతిలో ఉంటుంది సార్?

పార్వతీపురం_సెలూన్

నాది సెలూన్. రోజంతా ఇదే పని కాబట్టి ఓ మాట చెప్తాను. మా కత్తిలోనూ మీ బ్లేడే, సగానికి విరిచి పెడతాం. ఒక్కొక్కరికి ఒక్కో కొత్త ముక్క, హెపటైటిస్, హెచ్ఐవీ లాంటివి రక్తం ద్వారా అంటకుండా. మా డ్రాయర్‌లో ఎప్పుడూ రెండు రకాల బ్లేడ్లు ఉంటాయి. బిరుసు గడ్డానికి బాగా పదునుది, పలచటి చర్మం కుర్రాళ్లకి కాస్త మెత్తగా పోయేది. బ్లేడుతో పనిలేదంటే నేనొప్పుకోను.

కానీ మీరంతా దాటేసిన సంగతి ఒకటుంది: నీళ్లు. నేను నురగ పెట్టి రెండు మూడు నిమిషాలు బ్రష్షు తిప్పుతూనే ఉంటాను. కబుర్లు చెప్పడానికి ఆలస్యం చేస్తున్నాడనుకుంటారు కస్టమర్లు. వెంట్రుక నీళ్లు తాగి మెత్తబడాలి, అందుకు ఆ తిప్పుడు. ఎండిన వెంట్రుక మీద ఏ దేశం బ్లేడైనా లాగుతుంది. ఇళ్లలో మీరేం చేస్తారు? నురగ పూసిన చేత్తోనే రేజరు అందుకుంటారు.

ఉంగరాల వెంట్రుక వాళ్లు మెడ మీద ఎదురు గీత జోలికే పోవద్దు. తెగిన మొన తిరిగి చర్మంలోకే గుచ్చుకుని లోపల పెరుగుతుంది. ఆ పొక్కులవే. ఒకదాని వెనక ఒకటి బ్లేడ్లు ఉండే కార్ట్రిడ్జ్‌తో అది ఇంకా ఎక్కువ. ముందుది వెంట్రుకను పైకి లాగుతుంది, వెనకది కోస్తుంది, మిగిలిన మొన చర్మం కిందికి దిగిపోతుంది.

టెక్కలి_బోరు

మాకు బోరు నీళ్లే గతి. బ్రష్షు ఎంత తిప్పినా నురగ లేవదు, తెల్లటి తెట్టు కడుతుంది. బ్లేడు కూడా దాని మీద జారదు. దీనికి ఏటి చెయ్యాలి?

గంటస్తంభం (విజయనగరం)

ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని విరిచేస్తాయి. మొహం వాటితోనే కడుక్కోండి, నురగకి మాత్రం గ్లాసుడు ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు తీసుకోండి చాలు. సబ్బు బదులు క్రీము వాడి చూడండి, కాస్త నయం.

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)

మెడ మీద వేలు రాసి చూశాను. మాస్టారు చెప్పింది నిజమే, ఎడమ వైపు పైకి, కుడి వైపు చెవి దిక్కుగా ఉంది. కానీ ఎదురు గీయకపోతే నున్నగా రాదు కదండీ? అరచేత్తో రాస్తే గరుకు తగులుతూనే ఉంటుంది.

బొబ్బిలి_పదును

రాదు. మొదట వాలుగా, మళ్లీ నురగ పెట్టి అడ్డంగా, మళ్లీ నురగ పెట్టి ఎదురుగా. మూడో విడతకి మొద్దు బ్లేడు పనికిరాదు. నేను నాలుగైదు సార్లు గడ్డం గీసుకోగానే బ్లేడు పారేస్తాను, అది కూడా పాత డబ్బాకి సన్నటి కంత పెట్టి అందులో. చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగకూడదు.

రాజాం_రిటైర్డ్_మాస్టారు

అరచేతికి నున్నగా ఉండాలన్న పట్టుదలే సగం మంటలకి మూలం. ఎదుటివాడి కంటికి శుభ్రంగా కనబడితే సరిపోదా? మెడ మీద వాలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అంతే. తడి మెడ మీద పటిక రుద్ది, కాసేపాగి కడిగెయ్. పటిక బాగా చురుక్కుమందంటే ఆ పూట నువ్వు గట్టిగా నొక్కావని లెక్క.

గంటస్తంభం (విజయనగరం)

అన్నట్టు, ఆ పాత రేజరు బిగించాక బ్లేడు రెండు పక్కలా సమానంగా బయటికి వస్తోందో లేదో వెలుతుర్లో చూడండి. ఒక పక్క ఎక్కువ తేలితే అటువైపు గీసినప్పుడల్లా కోస్తుంది. విప్పి సర్ది మళ్లీ బిగించాలి.

బొబ్బిలి_పదును

వాదన ఎంతకీ తెమలదు గానీ ఒక పరీక్ష చెయ్యండి. రెండు రకాల బ్లేడ్లు, ముఖం చెరి సగం. ఎడమ సగం ఒకదానితో, కుడి సగం రెండోదానితో. చెయ్యి ఒకటే కాబట్టి తేడా వస్తే బ్లేడుదే.

పార్వతీపురం_సెలూన్

చెయ్యి ఒకటేనా? కుడిచేతి వాటం మనిషికి ఎడమ బుగ్గ మీద మణికట్టు ఒకలా తిరుగుతుంది, కుడి బుగ్గ మీద ఇంకొకలా. పైగా ఈయనకి మెడ మీద వాలు కూడా రెండు పక్కలా వేరు. మర్నాడు బ్లేడ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ గీయాలి. అప్పుడు కూడా మంట ఎడమ పక్కే ఉంటే బ్లేడుది కాదు.

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం)

సరే, రెండు పూటలూ చేసి ఫలితం ఇక్కడే రాస్తాను. కానీ రేపు శుక్రవారం, అమ్మ రేజరు ముట్టుకోనివ్వదు. శనివారం నానమ్మ ఒప్పుకోదు. ఆదివారం, సోమవారం చేసేయాలి, మంగళవారం మళ్లీ కుదరదు.