కొనుగోలు పత్రంలో 1 టీబీ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలకు హార్డ్‌డిస్కులు, ర్యామ్ కొనడానికి స్పెసిఫికేషన్ తయారు చేస్తున్నాను. గతంలో 1 టీబీ (టెరాబైటు) అని రాసి తెప్పించిన డిస్కులు విండోస్‌లో 931 జీబీ (గిగాబైట్లు)గా కనిపించడంతో, తక్కువ సామర్థ్యం ఉన్న సరుకు తీసుకున్నారని తనిఖీలో అభ్యంతరం వచ్చింది. ఈసారి వివాదానికి తావు లేకుండా ఏమని రాయాలో దయచేసి తెలుపగలరు.

సమాధానం: ఆ డిస్కులలో లోటేమీ లేదండీ. తయారీదారులు టెరాను మెట్రిక్ పద్ధతిలోనే, అంటే 1000 లెక్కలోనే తీసుకుంటారు కాబట్టి 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ ఆ బైట్లనే 1024ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 1,07,37,41,824తో భాగించి, 931 అని తేల్చి, పక్కన మాత్రం జీబీ అనే చూపిస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా కిలో దగ్గర 2.4 శాతమే అయినా, టెరా దగ్గరికి వచ్చేసరికి దాదాపు 10 శాతానికి చేరుతుంది. ఈ గందరగోళాన్ని తొలగించడానికే విద్యుత్, ఎలక్ట్రానిక్ రంగాల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐఈసీ 1998లో 1024 లెక్కకు కిబి, మెబి, గిబి, టెబి అనే వేరే ఉపసర్గలను ఆమోదించింది. ఆ ప్రకారం మీకు కనిపించినవి 931 గిబిబైట్లు.

పత్రంలో ఉపసర్గ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పక్కనే బైట్ల సంఖ్య కూడా రాయడం నా దృష్టిలో అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. డిస్కుకు “1 టీబీ, అనగా కనీసం 1,00,000 కోట్ల బైట్లు” అని రాయండి. 1 టీబీ డిస్కులలో సాధారణంగా 1,00,020,48,86,016 బైట్లు ఉంటాయి. డిస్కునంతా ఒకే విభాగంగా ఏర్పాటు చేసి ప్రాపర్టీస్ తెరిస్తే బైట్ల సంఖ్య పూర్తిగా కనిపిస్తుంది కనుక, తనిఖీ అధికారికి అదే చూపవచ్చు.

అనుబంధ ప్రశ్న: అయితే పత్రమంతటా జీబీ బదులు గిబిబైటు, టీబీ బదులు టెబిబైటు అని మార్చేస్తే సరిపోదా?

సమాధానం: దయచేసి అలా చేయకండి. 1 టెబిబైటు అని అడిగితే, బజారులో దొరికే 1 టీబీ డిస్కు మీ నిబంధనకు దాదాపు 9 శాతం తక్కువై అనర్హమవుతుంది. సరఫరాదారు ఇంకా పెద్ద డిస్కుకు ధర వేయవలసి వస్తుంది. ర్యామ్ విషయం వేరు. మెమరీ చిప్పుల నిర్మాణమే 2 యొక్క ఘాతాల (2, 4, 8 నుంచి 1024 దాకా, ఆపైన ఇలా రెట్టింపయ్యే సంఖ్యల) మీద ఆధారపడినందున, 8 జీబీ ర్యామ్ అని అమ్మేది నిజానికి 8 గిబిబైట్లే. అక్కడ “8 జీబీ, అనగా 8 గిబిబైట్లు” అని రాస్తే వ్యాపారికీ అర్థమవుతుంది, లెక్కా తప్పదు.

నెట్‌వర్క్ పరికరాలు కూడా కొంటున్నట్లయితే, వాటి వేగం బిట్లలో, 1000 లెక్కలోనే ఉంటుంది. చిన్న బి బిట్టుకు, పెద్ద బి బైటుకు గుర్తు కాబట్టి, టైపు చేసేవారు అన్నిటినీ పెద్ద అక్షరాలుగా మార్చేస్తే వేగం ఎనిమిది రెట్లుగా చదువుకునే ప్రమాదం ఉంది. అక్కడ మెగాబిట్లు అని పూర్తిగా రాయించండి. లినక్స్ యంత్రాలలో ఖాళీ స్థలం చూసే డీఎఫ్ ఆదేశం కూడా చిన్న హెచ్ ఇస్తే 1024తోనూ, పెద్ద హెచ్ ఇస్తే 1000తోనూ లెక్కిస్తుంది కనుక, తనిఖీ నివేదికలో ఏది వాడారో నమోదు చేయడం అవసరం.