కిడ్నీ చిప్‌లో గాలి బుడగలు: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో పరిశోధన విద్యార్థినిని. సరిహద్దుకు అవతల ఉద్దానంలో మా బంధువులు కొందరు కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌పై బతుకుతున్నారు కాబట్టి, మూత్రపిండంలోని సూక్ష్మనాళికను చిప్‌పై, అంటే సన్నని కాలువలున్న చిన్న పలకలో కణాలు పెంచి, నిర్మించడమే నా పరిశోధనాంశంగా ఎంచుకున్నాను.

పీడీఎంఎస్ (మెత్తని సిలికోన్ పదార్థం) చిప్‌లో రెండు సన్నని కాలువల మధ్య రంధ్రాలున్న పొరను అమర్చి, దానిపై హెచ్‌కే-2 అనే మానవ మూత్రపిండ నాళిక కణాలను పెంచి, చదరపు సెంటీమీటరుకు సుమారు 0.2 డైన్ల ఒరిపిడి (షియర్ స్ట్రెస్) కలిగేలా మీడియాను, అంటే కణాలను పోషించే ద్రవాన్ని, పారిస్తున్నాను. కణాలు మొదట చక్కగా పరుచుకుంటాయి గానీ, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కొంతకాలం గడిచాక గొట్టం చిప్‌లోకి దిగేచోట ఒక బుడగ చేరి, అది కదిలిన మేరకల్లా కణాలు ఉల్లిపొరలా లేచిపోతున్నాయి. మీడియాను ముందుగా వెచ్చబెట్టి, వాక్యూమ్‌తో గాలి తీసి, చిప్ ఉపరితలం తడిని పట్టేలా ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) తగిలించిన వెంటనే కొల్లాజెన్ పూత వేస్తున్నా ఫలితం మారలేదు.

బుడగలను పట్టి ఆపే బబుల్ ట్రాప్‌ను చిప్‌లోనే అచ్చు వేయడం మేలా, బయట గొట్టానికి అమర్చడం మేలా? సిరంజి పంపు మాని, ఎత్తు తేడాతో పారిస్తే ఆ ఒరిపిడి నిలకడగా ఉంటుందా? నీటిలో సులభంగా కరగని చిన్న మందు అణువులను పీడీఎంఎస్ పీల్చుకుంటుంది కనుక, ఇప్పుడే వేరే ప్లాస్టిక్‌కు మారిపోవడం మంచిదా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.