అప్‌డేట్: సీసాల యంత్రానికి కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో తెలిసింది

జీడిమెట్లలోని మా చిన్న యూనిట్‌లో లీటరు నీళ్ల సీసాలు తయారుచేసే పెట్ బ్లో మోల్డింగ్ యంత్రానికి (పెట్ ప్లాస్టిక్‌ను వేడిచేసి, లోపలికి గాలి ఊది సీసాగా మార్చేది) కరెంటు బిల్లు పెరుగుతోందని, ఆ ప్లాస్టిక్‌ను వేడిచేసే హీటర్ ల్యాంపులన్నీ మార్చాలా అని గత నెల అడిగాను. ముందు ఊదే గాలిని ఎక్కువ ఒత్తిడితో అందించే హై ప్రెషర్ కంప్రెసర్‌ను చూడమని మీలో ఎక్కువ మంది చెప్పారు. నిజానికి అప్పుడు నాకు నమ్మకం కుదరలేదు.

ఆదివారం ఉత్పత్తి ఆపి కంప్రెసర్‌ను మాత్రమే నడిపాం. ఒక్క సీసా కూడా తయారు కాకపోయినా అది మాటిమాటికీ లోడ్ తీసుకోవడం, అంటే మళ్లీ గాలి నింపడం మొదలుపెట్టడం చూశాక, గాలి ఎక్కడో లీకవుతోందని అర్థమై అనుమానం తీరింది. సబ్బు నురగ పూస్తే రెండు అతుకుల దగ్గర బుడగలు లేచాయి, సీసాలోకి గాలి వదిలే ఒక బ్లో వాల్వు సీలు పూర్తిగా అరిగిపోయింది. (ఇంత ఒత్తిడి గల గాలి చర్మాన్ని చీల్చగలదు కాబట్టి లీకేజీని చేత్తో వెతకవద్దు.)

తర్వాత ఊదే ఒత్తిడిని 36 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) నుంచి ఒక్కో బారు చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ సీసా అడుగును వెలుతురుకు పట్టి చూశాం. 29 దగ్గర అడుగున ఉండే గాడులు మొద్దుబారడంతో 31 దగ్గర స్థిరపడ్డాం. గ్యాస్ ఉన్న పానీయాల సీసాలకు పూరేకుల్లాంటి అడుగు స్పష్టంగా రావాలి కనుక అవి తయారుచేసేవారికి ఇంత వెసులుబాటు ఉండదు.

రేకుల షెడ్డులోని వేడి గాలినే కంప్రెసర్ పీల్చుకుంటోందని కూడా అప్పుడే గమనించి, (వేడి గాలిని నొక్కడానికి కరెంటు ఎక్కువ పడుతుంది) గాలి పీల్చే గొట్టాన్ని బయట నీడలోకి మార్చాం. ల్యాంపులు పాతవే, వాటి వేడిని ప్లాస్టిక్ వైపు మళ్లించే రిఫ్లెక్టర్లను మాత్రం తుడిచాం. సీసా ఊదాక వృథాగా పోయే గాలిని తక్కువ ఒత్తిడి లైనుకు మళ్లించే ఏర్పాటుకు కొటేషన్ వచ్చింది కానీ, ధర చూసి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.