బాత్రూమ్ కొత్తగా చేయిస్తున్నాం, గీజర్‌కి లైన్ విడిగా లాగించాలా?

సందేహం:
బాత్రూమ్ మొత్తం పగలగొట్టి కొత్తగా చేయిస్తున్నామండీ. వచ్చే వారం టైల్స్ పని మొదలు. పాత వైరింగ్‌లో లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, గీజర్ అన్నీ 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మీద ఒకే లైన్‌లో ఉన్నాయి. ఇప్పుడు 2000 వాట్ల గీజర్ పెడుతున్నాం, అద్దం దగ్గర హెయిర్ డ్రయ్యర్‌కి పాయింట్ కూడా కావాలి. ఎలక్ట్రీషియన్ ఏమో "ఇన్నాళ్లూ నడిచింది కదా, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పెద్దది వేస్తే చాలు" అంటున్నాడు. నిజమేనా?

జవాబు:
ఆ ఒక్క మాట మాత్రం వినకండి. ఎంసీబీ ఉన్నది వైరు వేడెక్కి కాలిపోకుండా ఆపడానికి. 230 వోల్టుల మీద మీ గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 1500 వాట్ల డ్రయ్యర్ ఇంకో 6.5. రెండూ ఒకేసారి వేస్తే 15 దాటింది. 10 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని దాని చోట 25 బిగిస్తే అది నిలబడుతుంది, గోడలో వైరు మాడుతుంది.

గీజర్‌కి డీబీ (ఎంసీబీలన్నీ ఉండే మెయిన్ బాక్స్) నుంచి నేరుగా విడి లైన్ లాగించండి, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. డీబీ దూరమైనా, ముందు ముందు 3000 వాట్లది పెట్టే ఆలోచన ఉన్నా 4 స్క్వేర్ వేయించండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే డబుల్ పోల్ స్విచ్ బాత్రూమ్ బయట పెట్టించండి. డ్రయ్యర్‌కి ఇంకో లైన్. ఆ సాకెట్ షవర్ తడిసే చోటికి 60 సెంటీమీటర్ల లోపు అసలు ఉండకూడదు, ఎంత దూరమైతే అంత మేలు. లైటు, ఫ్యాన్ పాత పద్ధతిలోనే 1.5 మీద ఉండొచ్చు.

వీటన్నిటి మీదా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, అంటే ఎర్త్‌లోకో మనిషి ఒంట్లోంచో పోతుంటే, అది లైన్ తెంపేస్తుంది. అంత చిన్న లీకేజీ 16 ఆంపియర్ల ఎంసీబీకి తెలియను కూడా తెలియదు.

మా ఇంట్లో ఒకసారి షవర్ కుళాయి తిప్పుతుంటే వేళ్ల వెనక సన్నగా జిల్లుమంది. తడి వల్ల అలా అనిపించిందేమో అనుకున్నాను. మర్నాడు మెయిన్ ఆపి గీజర్ సాకెట్ బాక్స్ విప్పితే ఎర్త్ వైరు మడిచి, టేపు చుట్టి, లోపలికి తోసేసి ఉంది. హీటింగ్ ఎలిమెంట్ లీకవుతోంది, ఆ కరెంటు పోవడానికి దారి లేదు. ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

మళ్ళీ సందేహం:
మాకు ఆర్‌సీసీబీ ఉండేదండీ. గీజర్ వేయగానే పడిపోతోందని తీసేసి డైరెక్ట్ చేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ పడదా?

జవాబు:
పడిందంటే అది తన పని చేసింది. దయచేసి ముందు మళ్ళీ పెట్టించండి. గీజర్ ప్లగ్ తీసేస్తే నిలబడుతోందా? అయితే ఎలిమెంట్ పోయి ఉంటుంది, మార్చాలి. ఏ లోడు వేసినా పడుతోందంటే ఎవరో ఒక లైన్ న్యూట్రల్‌ని ఇంకో లైన్ న్యూట్రల్‌తో కలిపి ఉంటారు, లేదా న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది. కొత్తగా లాగేటప్పుడు ఏ లైన్ న్యూట్రల్ ఆ లైన్‌దే అని ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి.

ఇంకొకరి జవాబు:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గాడులు కొట్టి పైపులు వేశాక, పూత పూయకముందే గోడకి కొలత టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత అద్దానికో టవల్ రాడ్‌కో డ్రిల్ వేసేటప్పుడు అవే దిక్కు. టైల్స్‌కి ముందోసారి, తర్వాతోసారి మెగ్గర్‌తో (వైరు మీది ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో కొలిచే మీటరు) వైర్లు చూపించండి. గీజర్, లైట్ల లాంటివన్నీ విప్పేసి 500 వోల్టుల మీద చూస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి, కొత్త వైరుకి అంతకంటే చాలా ఎక్కువే వస్తుంది.

అడిగినవారు:
మెయిన్ ఆపించి పాత గీజర్ సాకెట్ ఇప్పుడే విప్పించాను. ఎర్త్ పిన్ వెనక వైరే లేదండీ. టైల్స్ పని నాలుగు రోజులు వెనక్కి జరిపాం, ముందు లైన్లే లాగిస్తున్నాం.