కొత్తగా నాటిన రుబార్బ్: మొదటి ఏడాది కాడలు తీయవచ్చా, తీయకూడదా?

తోటబాట

పుల్లటి ఆకుకాడలను వండుకు తినడానికి పెంచే రుబార్బ్ మొక్కలు మూడు ఈ వసంతం మొదట్లో నాటాను. వాటిలో రెండు ఒక పాత మొక్కను తవ్వి విడదీయగా వచ్చిన దుంపముక్కలు, మూడవది నర్సరీలో కుండీలో పెరిగిన మొక్క. దుంపముక్కలు ఇప్పుడిప్పుడే ఆకులు విప్పుతున్నాయి కాని, కుండీ మొక్క అప్పుడే మోకాలెత్తు పెరిగింది, దాని కాడలు బొటనవేలంత లావెక్కాయి. నాటిన ఏడాది ఒక్క కాడనైనా ముట్టుకోరాదని కొందరు, నాలుగైదు తీసినంత మాత్రాన ఏమీ కాదని మరికొందరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలో కారణంతో సహా తెలుసుకోవాలని ఉంది. మొక్క నిలదొక్కుకోవడానికి ఈ ఏడాది తీసుకోవలసిన ఇతర జాగ్రత్తలు ఉంటే అవి కూడా చెప్పగలరు.

వేరుమూలం

ముట్టుకోకండి. మొదటి ఏడాది ఒక్క కాడ కూడా వద్దు. రెండవ ఏడాది లావైనవి కొన్ని మాత్రం తీసి ఆపండి. మూడవ ఏడాది నుంచి ఎనిమిది నుంచి పది వారాల పాటు తృప్తిగా తీసుకోవచ్చు.

కారణం ఇది. రుబార్బ్ ఏటా శీతాకాలంలో పైభాగమంతా ఎండిపోయి, నేలలోని దుంపతో, లావుపాటి వేళ్లతో మాత్రమే మిగిలే మొక్క. వసంతంలో తొలి ఆకులు విప్పుకోవడానికి కావలసిన బలమంతా కిందటి వేసవిలో ఆకులు తయారు చేసి వేళ్లలో దాచిన పిండిపదార్థం నుంచే వస్తుంది. నాటేటప్పుడు వేళ్లలో సగం తెగిపోయిన దుంపముక్కకు ఆ నిల్వ ఎంత ఉంటుందో ఆలోచించండి. ఉన్న కాస్తా ఖర్చు పెట్టి అది నాలుగు ఆకులు వేస్తే, ఆ ఆకులనే మనం లాగేసుకోవడం విత్తనాలకు దాచిన గింజలను వండుకు తినడమే అవుతుంది.

పచ్చనాకు

వేరుమూలం గారు చెప్పిన కారణం సరైనదే కాని, దాని నుంచి వారు తీసిన నియమం అన్ని మొక్కలకూ వర్తించదు. క్యాలెండరు చూసి కాదు, వేరు వయసు చూసి నిర్ణయించాలి. కుండీ నిండా వేళ్లతో వచ్చిన మొక్కకు, కత్తితో కోసి విడదీసిన ముక్కకు నాటిన తేదీ ఒకటే అయినా ఆ రెండూ ఒకే స్థితిలో లేవు. రకాన్ని బట్టి కూడా తేడా ఉంది. గ్లాస్కిన్స్ పర్పెచ్యువల్ అనే రకాన్ని విత్తనం నుంచి పెంచినా మొదటి ఏడాదే కొద్దిగా తీసుకోవచ్చని చెప్పి అమ్ముతారు. ఇక వేసవి మండిపోయి చలికాలం నామమాత్రంగా ఉండే చోట్ల రుబార్బ్‌ను ఏకవార్షికంగా, ఏటా కొత్తగా విత్తి పెంచేవారున్నారు. వారిని మూడేళ్లు ఆగమనడంలో అర్థం లేదు.

పది కాడలున్న మొక్క నుంచి రెండు తీస్తే ఎనిమిది మిగులుతాయి. ఆ ఎనిమిది వేరుకు తిండి పెట్టలేవా?

వేరుమూలం

ఏకవార్షికంగా పెంచేవారి విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. వేరు నిల్వ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్ పరిసరాల రైతులు చేసే పని దీనికి మంచి నిదర్శనం. అక్కడ చీకటి షెడ్లలో పెంచే రుబార్బ్‌కు 2010లో ఐరోపా సమాఖ్య ఉత్పత్తి స్థాన రక్షణ గుర్తింపు ఇచ్చింది. ఆ రైతులు వేళ్లను రెండేళ్ల పాటు పొలంలో ఒక్క కాడ కూడా తీయకుండా బలపరచి, చలి బాగా తగిలిన తరువాత తవ్వి లోపలికి చేరుస్తారు. వెలుతురు లేని చోట ఆకు ఆహారం తయారు చేయలేదు కనుక, అక్కడ మొలిచే ప్రతి కాడా పూర్తిగా వేరు నిల్వతోనే పెరుగుతుంది. పంట అయిపోయేసరికి ఆ వేరు సారం కోల్పోయి పారవేయవలసిన స్థితికి వస్తుంది. వృత్తిగా చేసేవారే రెండేళ్లు ఆగుతున్నప్పుడు మనకు తొందర ఎందుకు?

పచ్చనాకు

మంచి ఉదాహరణే కాని, అది నా ప్రశ్నకు జవాబు కాదు. వారు వెలుగు లేకుండా మొత్తం పంట తీస్తారు. నేను చెబుతున్నది ఎండలో ఉన్న మొక్క నుంచి రెండు కాడల గురించి.

మట్టిపని

ఇద్దరి వాదనా చదివాను. తోటబాట గారి మొక్కల భవిష్యత్తు ఆ రెండు కాడల కంటే వేరే విషయాల మీద ఎక్కువగా ఆధారపడి ఉందని నా అభిప్రాయం. కొత్త రుబార్బ్‌ను ఎక్కువగా దెబ్బతీసేది నీరు నిలిచే నేల, లోతుగా నాటడం. దుంప మీది మొగ్గలు నేలమట్టానికి గాని, రెండు మూడు సెంటీమీటర్ల లోపల గాని ఉండాలి. అంతకు మించి దిగితే మొగ్గ కుళ్లడం మొదలవుతుంది. బరువైన బంకమట్టి అయితే ఎత్తు మడి మీద నాటడమే క్షేమం. బాగా మాగిన పశువుల ఎరువును మొక్క చుట్టూ పరచండి, కాని మొగ్గల మీద ఒక్క పిడికెడు కూడా పడనీయకండి. వేళ్లు ఇంకా లోతుకు దిగలేదు కనుక, వాన లేని రోజుల్లో పైపైన చిలకరించడం కాకుండా వేరు వరకు తడి చేరేలా నీరు పెట్టాలి. మొక్కకూ మొక్కకూ సుమారు మీటరు దూరం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, తరువాత జరపడం కష్టం.

కాడల సంగతికి వస్తే, వేరుమూలం గారి పక్షమే వహిస్తాను, అయితే మరొక కారణంతో. రుబార్బ్ కాడను కత్తితో కోయరు. కాడ మొదలు దగ్గర పట్టుకుని, కొంచెం తిప్పుతూ బయటికి లాగుతారు. పాతుకున్న మొక్కలో అది అడుగున తెల్లటి తొడిమతో సహా చక్కగా ఊడి వస్తుంది. ఆ ఏడాది నాటిన మొక్కను అలా లాగితే చుట్టూ మట్టి పగులు విచ్చి దుంప కదులుతుంది, అప్పుడే పుట్టిన సన్నని వేళ్లు తెగిపోతాయి. పైకి కనిపించే నష్టం రెండు కాడలే కాని, కింద జరిగిన నష్టం మనకు కనిపించదు.

పచ్చనాకు

ఇది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. దుంపముక్కలకు నా వాదన వర్తించదని స్పష్టంగా చెబుతున్నాను. కుండీ మొక్క విషయంలో మాత్రం వేళ్లు మట్టిగడ్డతో సహా దిగాయి కనుక, వేసవి మధ్యకు అది గట్టిగా పట్టుకున్నదని తేలితే ఒకటి రెండు తీయడం తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

తోటబాట

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఏడాది మూడింటినీ వదిలేస్తాను. ఇంకొక్క సందేహం మిగిలింది. దుంపముక్కల్లో ఒకదాని నడుమ ఆకు కాని లావుపాటి గుండ్రని మొగ్గ ఒకటి పైకి వస్తోంది. కాడలు తీయకూడదు అన్న నియమం దీనికీ వర్తిస్తుందా?

మట్టిపని

వర్తించదు. అది పూలకాడ, కనిపించిన వెంటనే వీలైనంత అడుగుకు తీసేయండి. పాత మొక్క నుంచి విడదీసిన ముక్కలు ఇలా పూతకు రావడం తరచుగా జరుగుతుంది. దాన్ని ఎదగనిస్తే ఆకులకూ వేళ్లకూ వెళ్లవలసిన బలం పూతకూ గింజకూ పోతుంది. కోసిన చోట బోలుగా ఉంటే నీరు నిలవకుండా చూడండి. ఆకులు శరదృతువులో వాటంతట అవి పసుపెక్కి వాలేవరకు ఉంచి, తరువాత తీసి కంపోస్టులో వేయండి. ఆక్జాలిక్ ఆమ్లం వల్ల ఆ ఆకులు తినడానికి విషతుల్యం, కంపోస్టుకు మాత్రం ఏ హానీ చేయవు. ఆకులు తీశాక దుంప తలను మందంగా కప్పవద్దు, దానికి చలి తగలాలి. చలి తగలకపోతే వసంతంలో అది నిద్ర లేవదు.